ఇస్లామీ ప్రైవేటు పాఠశాలకు చదువు నియమాలు, సనదు అర్హతలు రాసుకునే పద్ధతి

ఆంధ్రప్రదేశ్‌లో ముస్లిం జనాభా బాగా తక్కువగా ఉన్న ప్రాంతాల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ముందుంటాయి. శ్రీకాకుళానికి గుల్షనాబాద్ అనే పాత పేరు ఉండేది. అక్కడి జామియా మసీదు 1641 నాటిదని చెబుతారు. విజయనగరంలో ఖాదర్ బాబా దర్గాకు అన్ని మతాలవారూ వెళ్తారు. ఇంత పాత సంబంధం ఉన్నా పిల్లల సంఖ్య కొద్దిగానే ఉండడం వల్ల, ఇక్కడి ఇస్లామీ పాఠశాల ఒకే ఆవరణలో, కొద్దిమంది ఉపాధ్యాయులతో బోర్డు చదువునూ దీనీ (మత) చదువునూ కలిపి నడుపుకోవలసి వస్తుంది. హైదరాబాదులోనో కర్నూలులోనో అయితే ఒక బడి పద్ధతి నచ్చని తల్లిదండ్రులు మరో బడి చూసుకోగలరు. సాలూరు నుంచో ఇచ్ఛాపురం నుంచో బిడ్డను తెచ్చి హాస్టల్లో దించి వెళ్లే తండ్రికి ఆ వీలు లేదు. కాబట్టి బడి ఏం నేర్పుతుందో, ఏది పూర్తి చేస్తే ఏ కాగితం ఇస్తుందో అడ్మిషన్ రోజుకు ముందే రాసి ఉండాలి.

ఇలాంటి పాఠశాల నడుపుతున్న కమిటీలకూ, కొత్తగా మొదలుపెట్టాలనుకుంటున్న మసీదు పెద్దలకూ, నియమాల పుస్తకం రాసే బాధ్యత మీద పడ్డ ప్రధానోపాధ్యాయులకూ ఉపయోగపడాలని ఈ వివరాలు రాస్తున్నాను. తక్కినవన్నీ ఆధారపడే నియమం ఒకటి మొదటి పేజీలోనే ఉండాలి. బోర్డు ఇచ్చే సర్టిఫికెట్టు వేరు, బడి ఇచ్చే దీనీ సనదు, అంటే మత విద్య పూర్తి చేసినట్టు ఇచ్చే యోగ్యతాపత్రం, వేరు. రెండింటికీ అర్హతలు వేరువేరుగా రాయాలి. ఒకదానిలో వెనుకబడ్డాడని మరొకదాన్ని ఆపే అధికారం ఎవరికీ ఉండకూడదు.

మీ బడి ఏ రకానిదో ముందు తేల్చుకోండి

విద్యాశాఖ గుర్తింపు పొంది రాష్ట్ర సిలబస్ చెబుతూ అదనంగా ఖురాన్, దీనియాత్ (ఇస్లాం ప్రాథమిక విషయాలు) పీరియడ్లు పెట్టుకున్న పాఠశాల ఒక రకం. ముఖ్యంగా దీనీ విద్య చెబుతూ, పిల్లలను ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాయించే మదరసా మరో రకం. వీటికి వర్తించే చట్టాలు వేరు కనుక ఒకదాని నియమాలను మరొకటి ఎత్తి రాసుకోకూడదు.

రాజ్యాంగంలోని 30వ అధికరణం మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించినప్పుడు, మదరసాలకూ వేద పాఠశాలలకూ, ప్రధానంగా మతబోధ చేసే సంస్థలకూ అది వర్తించదని చేర్చారు. 2014లో ప్రమతి కేసు తీర్పులో సుప్రీంకోర్టు, ఎయిడ్ ఉన్నా లేకపోయినా మైనారిటీ పాఠశాలలు ఆ చట్టం పరిధిలోకి రావని చెప్పింది. ఈ మినహాయింపు చూపించి కొన్ని కమిటీలు పనిదినాలు, హాజరు, టీసీల విషయంలో తమకు ఏ కట్టుబాటూ లేదనుకుంటాయి. గుర్తింపు తీసుకున్న పాఠశాల గుర్తింపు షరతులకు కట్టుబడే ఉండాలి; పదో తరగతి పరీక్షకు పిల్లలను పంపే పాఠశాల పరీక్షల విభాగం నియమాలకు లోబడే ఉండాలి. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు, 1000 గంటలు ఉండాలంటోంది. ఆ చట్టం మీకు వర్తించినా వర్తించకపోయినా, బోర్డు చదువుకు ఇంతకన్నా తక్కువ సమయం ఇచ్చే టైంటేబులు వేయకండి.

28వ అధికరణం మూడో భాగం చాలామంది చదవరు. ప్రభుత్వ గుర్తింపు గానీ సహాయం గానీ ఉన్న విద్యాసంస్థలో చదివే ఏ విద్యార్థినీ, అతను మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు హాజరు కావాలని నిర్బంధించకూడదని అది చెబుతోంది. మన జిల్లాల్లో ఇలాంటి బడులకు హిందూ, క్రైస్తవ కుటుంబాల పిల్లలు కూడా వస్తారు. దగ్గరగా ఉందనో, క్రమశిక్షణ బాగుందనో చేర్చుతారు. కాబట్టి అడ్మిషన్ ఫారంతో పాటు దీనీ పీరియడ్లకు సమ్మతిపత్రం విడిగా ఒక కాగితం మీద ఉండాలి. ముస్లిం కుటుంబాల నుంచి కూడా దాన్ని తీసుకోవాలి. సమ్మతి ఇవ్వని పిల్లలు ఆ పీరియడులో ఎక్కడ కూర్చుంటారో, ఏం చదువుతారో, ఎవరు చూసుకుంటారో నియమాల్లో రాయండి. ఆ సమయంలో వాళ్లను వరండాలో ఖాళీగా కూర్చోబెట్టడం అన్యాయం.

పాఠశాల గుర్తింపు ఉత్తర్వు సంఖ్య, అది ఏ తరగతి వరకు వర్తిస్తుందో, 11 అంకెల యూడైస్ కోడు (బడికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) నియమాల పుస్తకం అట్ట లోపలి పేజీలో అచ్చు వేయించండి. ఏడో తరగతి వరకే గుర్తింపు ఉండి ఎనిమిది, తొమ్మిది కూడా నడుపుతున్నట్లయితే, ఆ పిల్లల పేర్లు ఏ బడి రికార్డులో ఉన్నాయో తల్లిదండ్రులకు తెలియాలి.

టైంటేబులు: హిఫ్జ్‌కు లెక్క కట్టాకే మాట ఇవ్వండి

కరపత్రాల్లో ఆశలు ఎక్కువగా పెట్టేది హిఫ్జ్ విషయంలోనే. హిఫ్జ్ అంటే ఖురాన్ మొత్తం కంఠస్థం చేయడం, అది పూర్తి చేసినవాడు హాఫిజ్. 'పదో తరగతితో పాటు హాఫిజ్' అని రాయడం సులభం. దాన్ని నిలబెట్టుకోవడానికి కావలసిన లెక్క ఇలా ఉంటుంది.

ఖురాన్ ప్రతిని ముస్‌హఫ్ అంటారు. పదిహేను పంక్తుల మదీనా ముద్రణ ముస్‌హఫ్‌లో 604 పేజీలుంటాయి. బడి చదువు కూడా చదివే పిల్లవాడు రోజుకు అర పేజీ కొత్త సబఖ్ (పాఠం) నిలకడగా చెప్పగలడనుకుంటే మొత్తం 1208 రోజులు పడుతుంది. ఏడాదికి 220 పనిదినాల చొప్పున అయిదున్నర సంవత్సరాలు. అంటే నాలుగో తరగతి మొదట్లో ఆరంభించిన పిల్లవాడు, ఒక్క రోజు కూడా తప్పకుండా చెబితే, తొమ్మిదో తరగతి మధ్యలో ముగిస్తాడు. జ్వరాలు, పెళ్లిళ్లు, పరీక్షలు కలుపుకుంటే తొమ్మిది చివరికి చేరుతుంది. ఆరో తరగతిలో చేరిన వాడికి ఇదే వేగంలో పదో తరగతి లోపు పూర్తి కాదు. రోజుకు ముప్పావు పేజీ నుంచి పేజీ దాకా చెప్పగలిగితేనే అవుతుంది. ఆ మాట అడ్మిషన్ రోజునే తల్లిదండ్రులకు చెప్పాలి.

కొత్త సబఖ్ ఒక్కటే చాలదు. ఈ మధ్య చెప్పిన పాఠాల పునశ్చరణ అయిన సబ్‌ఖీ, పాత పారాల పునశ్చరణ అయిన మంజిల్ కూడా ప్రతి రోజూ జరగాలి. ఖురాన్‌లోని ముప్పై భాగాల్లో ఒక్కొక్కటి ఒక పారా. ఒక పారా చదవడానికే అరగంట నుంచి నలభై నిమిషాలు పడుతుంది. పారాలు పెరిగేకొద్దీ మంజిల్ భారం పెరుగుతుంది కానీ టైంటేబులులో ఆ పీరియడు నిడివి మొదటి ఏడాది ఎంతో అయిదో ఏడాదీ అంతే ఉంటుంది. పదిహేను పారాల తరువాత పిల్లలు పాతవి మరిచిపోవడానికి నాకు కనిపించే ముఖ్య కారణం ఇదే. కనుక హిఫ్జ్ విద్యార్థులకు ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తరువాత ఒక గంట సబఖ్‌కు, అసర్ (సాయంత్రపు నమాజు) తరువాత ఒక గంట మంజిల్‌కు కేటాయించి, బోర్డు పీరియడ్లలో నుంచి వాళ్లను లేపకూడదని స్పష్టంగా రాయండి. హాస్టల్ లేని బడి ఈ రెండు గంటలూ సమకూర్చలేదు. అలాంటప్పుడు పూర్తి హిఫ్జ్ వాగ్దానం చేయకుండా, నాజిరా (ఖురాన్‌ను చూసి చదవడం) పూర్తి చేయించడం, కొన్ని పారాలు కంఠస్థం చేయించడం వరకే పెట్టుకోవడం నిజాయితీ. లెక్కల పీరియడు హిఫ్జ్‌కు ఇచ్చి, పదో తరగతి ఫిబ్రవరిలో హిఫ్జ్ ఆపి లెక్కలు రుద్దే పద్ధతి వల్ల రెండూ పాడవుతాయి.

పదో తరగతి ఏడాది కొత్త సబఖ్ పూర్తిగా ఆపి, మంజిల్ మాత్రమే ఉంచాలని నా గట్టి అభిప్రాయం.

భాషలు

ఆంధ్రప్రదేశ్ పదో తరగతిలో ఆరు సబ్జెక్టులకు 600 మార్కులు. సైన్సు ఒక్కటే భౌతిక, జీవ శాస్త్రాలుగా రెండు 50 మార్కుల పేపర్లయింది. ద్వితీయ భాషలో 20, మిగిలిన ప్రతి సబ్జెక్టులో 35 మార్కులు వస్తే ఉత్తీర్ణత. ఉర్దూను ప్రథమ భాషగా తీసుకునే వీలుంది. అయితే ఉర్దూ బోధించే అర్హత ఉన్న ఉపాధ్యాయుడు మీ బడిలో స్థిరంగా ఉన్నప్పుడే అది ఇవ్వాలి. ఉత్తరాంధ్రలో అలాంటి ఉపాధ్యాయుడు మధ్యలో మానేస్తే మరొకరు వెంటనే దొరకరు. ఇక్కడి ముస్లిం కుటుంబాల్లో ఇంట్లో తెలుగే మాట్లాడేవారూ ఉన్నారు. వాళ్ల పిల్లలకు ఉర్దూ కొత్త భాషే అవుతుంది. బోర్డుకు తెలుగు ప్రథమ భాషగా ఉంచి, ఉర్దూను బడి స్థాయిలో చదవడం, రాయడం వచ్చే వరకు నేర్పడం ఎక్కువమందికి తగిన ఏర్పాటు. ప్రథమ భాష నిర్ణయం ఆరో తరగతిలో చేసి, తొమ్మిదో తరగతి మొదలైన తరువాత మార్చడం కుదరదని రాయండి.

అరబీ, దీనియాత్ మార్కులు ఆ 600లో చేరవు. ప్రోగ్రెస్ కార్డులో వాటిని విడి పట్టికలో చూపించాలి. రెండూ కలిపి శాతం కట్టి ఇస్తే, ఇంట్లో వాళ్లు దాన్నే బోర్డు స్థాయి అనుకుని చివర్లో దిగ్భ్రాంతి చెందుతారు.

మూల్యాంకనం

బోర్డు సబ్జెక్టులకు ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షలు రాష్ట్ర పద్ధతిలోనే జరపండి. పదో తరగతికి ప్రస్తుతం బడి వేసే అంతర్గత మార్కులు లేవు, వంద మార్కులూ రాత పరీక్షవే. కాబట్టి కింది తరగతుల్లో ఉదారంగా మార్కులు వేసినందువల్ల పిల్లవాడికి ఒరిగేది ఏమీ లేదు.

దీనీ సబ్జెక్టులకు ప్రమాణం రాసి పెట్టుకోవడం అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే వీటికి బయటి పరీక్ష లేదు. నాజిరా పరీక్షలో ఉస్తాద్ (గురువు) 'బాగుంది' అని రాయడం చాలదు. అర్థం మారిపోయే పెద్ద తప్పు, అంటే లహ్నె జలీ, ఒక పేజీలో ఎన్ని వస్తే ఉత్తీర్ణత కాదో, తజ్‌వీద్ (ఉచ్చారణ నియమాల) సున్నితాలకు సంబంధించిన చిన్న తప్పు, అంటే లహ్నె ఖఫీకి ఎన్ని మార్కులు తగ్గుతాయో రాయండి. చదవవలసిన చోటును పరీక్షకుడే అప్పటికప్పుడు ఎంచాలి, విద్యార్థి ఎంచుకోకూడదు. పాఠం చెప్పిన ఉస్తాద్ వార్షిక పరీక్ష తీసుకోకూడదు. మరో మసీదు నుంచి ఒక హాఫిజ్‌నో ఖారీనో (ఖురాన్ పఠన నిపుణుడినో) పిలిపించుకోవాలి. రాను పోను ఖర్చు ఇచ్చినా ఏడాదికి ఒకసారి అది పెద్ద భారం కాదు. సనదు విలువ ఈ ఒక్క ఏర్పాటు మీద చాలావరకు నిలబడుతుంది.

నమాజు చేసే విధానం, వుజూ (నమాజుకు ముందు శుభ్రం చేసుకోవడం), దువాలు (ప్రార్థనలు) ప్రాయోగిక పరీక్షగా పెట్టవచ్చు. నమాజుకు వచ్చాడా లేదా అన్నదానికి మాత్రం మార్కులు వేయవద్దని కోరుతున్నాను. అలవాటు చేయించడం తర్బియత్ (పెంపకం, శిక్షణ) పని, మార్కుల కోసం చేసే ఇబాదత్ (ఆరాధన) పిల్లల మనసులో వేరే బీజం నాటుతుంది. ఇందులో మరో కారణం కూడా ఉంది. ఎదిగిన ఆడపిల్లలకు నెలలో కొన్ని రోజులు నమాజు, ఉపవాసం ఉండవు. హాజరు పట్టీలో 'ఎందుకు రాలేదు' అనే గడి ఉంటే ఆ పిల్ల ప్రతి నెలా అందరికీ తెలిసేలా కారణం చెప్పుకోవలసి వస్తుంది. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు అలాంటి పట్టీ ఉండదనీ, అవసరమైతే ఉస్తానీ (ఉపాధ్యాయురాలు) ఒక్కరికే చెబితే చాలుననీ నియమాల్లోనే రాయాలి.

హాజరు, రంజాన్, తుఫాన్లు

పదో తరగతికి 75 శాతం హాజరు ప్రమాణం. దీనీ పీరియడ్లకు కూడా అదే ప్రమాణం పెట్టుకోవచ్చు, కానీ రెండు హాజరు పుస్తకాలు వేరుగా ఉండాలి. అనారోగ్యానికి వైద్యుడి ధ్రువపత్రం ఎన్ని రోజుల్లోగా ఇవ్వాలో రాయండి. తుఫాన్లను కూడా రాయండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వచ్చినప్పుడు ఈ ప్రాంతంలో ఎన్ని ఊళ్లు చీకట్లో ఉన్నాయో, ఎన్ని రోజులు బస్సులు తిరగలేదో ఇక్కడివారికి గుర్తే. కలెక్టరు సెలవు ముగిసిన తరువాత కూడా ఉద్దానం వైపు పిల్లలు రాలేకపోతే ఆ రోజులను గైర్హాజరుగా లెక్కించకూడదు. తప్పిన పాఠాలకు అదనపు తరగతులు పెట్టాలి.

హిజ్రీ (ఇస్లామీ క్యాలెండరు) నెలలు ఏడాదికి పది పదకొండు రోజులు ముందుగానే వస్తాయి కనుక, విద్యా క్యాలెండరు ప్రతి ఏడాదీ కొత్తగా వేసుకోవాలి. 2025లో రంజాన్ మార్చి నెలతో దాదాపు కలిసిపోయింది, పదో తరగతి పరీక్షలూ ఆ నెల రెండో సగంలోనే జరిగాయి. రాబోయే కొన్నేళ్లు రంజాన్ ఫిబ్రవరి, జనవరిల మీదుగా వెనక్కు వెళ్తూ ప్రీఫైనల్, రివిజన్ రోజుల్లో పడుతుంది. 2030లోనైతే జనవరిలో ఒకటి, డిసెంబరు చివర్లో మరొకటి మొదలవుతాయి. ఆ నెలలో పదో తరగతి విద్యార్థులకు స్టడీ అవర్లు ఇఫ్తార్‌కు ముందు గంటలో పెట్టకూడదని, తరావీహ్ (రంజాన్ రాత్రి నమాజు) తరువాత కూడా పెట్టకూడదని, ఉదయపు పూటకే మార్చాలని రాయండి. పదో తరగతిలో ఉన్న హాఫిజ్ పిల్లవాడిని తరావీహ్ చదివించడానికి పక్క ఊరి మసీదుకు పంపడం చూస్తుంటాం. ఊరివారి కోరిక అర్థం చేసుకోదగినదే. అయినా ఆ ఒక్క ఏడాదికి తల్లిదండ్రులు స్వయంగా అడిగితే తప్ప పంపబోమని కమిటీ తీర్మానించుకోవాలి.

సనదు అర్హతలు

బోర్డు సర్టిఫికెట్టు విషయంలో బడి పెట్టగల అదనపు షరతు ఏదీ లేదు, పెట్టకూడదు కూడా. పరీక్ష ఫీజు కట్టి, హాజరు ఉన్న విద్యార్థి పేరు బోర్డుకు పంపే విద్యార్థుల జాబితా అయిన నామినల్ రోల్‌లో పంపాలి. దీనీ పరీక్ష తప్పాడనో, మధ్యలో హిఫ్జ్ మానేశాడనో హాల్ టికెట్టు, మార్కుల జాబితా, టీసీ ఆపకూడదు. ఈ వాక్యం నియమాల పుస్తకంలో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

బడి సనదుకు మూడు స్థాయిలు పెడితే పిల్లలందరికీ ఏదో ఒక చేరుకోగల గమ్యం ఉంటుంది. మొదటిది దీనియాత్ సనదు: ఖాయిదా (అరబీ అక్షరాల వాచకం) పూర్తి, నాజిరా కనీసం పది పారాలు, నమాజుకు కావలసిన సూరాలు (ఖురాన్ అధ్యాయాలు), దువాలు, అఖీదా (విశ్వాసాలు), తహారత్ (శుచి), నమాజు, ఉపవాసాల ప్రాథమిక నియమాలు, సీరత్ (ప్రవక్త జీవితం) ముఖ్య ఘట్టాలు. ఎనిమిదో తరగతిలో అలిఫ్ బా కూడా రాకుండా చేరిన పిల్లవాడికి ఈ స్థాయి సరిపోతుంది. అతనికి ఇది తక్కువరకం సనదు అనే భావన రాకుండా చూడాలి. రెండోది నాజిరా సనదు: ముప్పై పారాలు తజ్‌వీద్‌తో చూసి చదవడం, చివరి పారాలోని 37 సూరాలు కంఠస్థం, ఎంపిక చేసిన నలభై హదీసులు (ప్రవక్త ప్రవచనాలు) అర్థంతో సహా, జకాత్ (విధిగా ఇచ్చే దానం), హజ్ పరిచయం, ఉర్దూ చదవడం రాయడం. అర్థాలు తెలుగులో చెప్పినా అంగీకరించాలి. పరీక్షిస్తున్నది హదీసు అవగాహన కాబట్టి ఉర్దూ ధాటి దానికి కొలత కాదు.

మూడోది హిఫ్జ్ సనదు. ముప్పై పారాలు చెప్పేసిన రోజు హాఫిజ్ అయినట్టు ప్రకటించడం తొందరపాటు. చివరి సబఖ్ తరువాత కనీసం రెండు పూర్తి దౌర్లు (మొత్తం ఖురాన్ పునశ్చరణలు) ఉస్తాద్‌కు వినిపించాక, బయటి పరీక్షకుడి ముందు వేర్వేరు పారాల్లో నుంచి అడిగిన చోట్ల చదవగలిగినప్పుడే సనదు ఇవ్వాలి. దస్తార్‌బందీ (తలపాగా కట్టి సనదు ఇచ్చే) జల్సా (సభ) తేదీ ముందు ఖరారు చేసి దానికి తగ్గట్టు పరీక్ష ముగించడం సరికాదు; పరీక్ష ముగిశాకే జల్సా తేదీ పెట్టాలి. పది పారాలో ఇరవై పారాలో చేసి ఆగిపోయిన పిల్లలకు ఆ పారాల సంఖ్య రాసిన ధ్రువపత్రం ఇవ్వండి. వాళ్లు మరో చోట కొనసాగించవచ్చు, ఆ శ్రమ కాగితం మీద నిలవాలి.

వినికిడి లోపం, మాట తడబాటు, చదవడంలో ప్రత్యేక ఇబ్బంది ఉన్న పిల్లలకు తజ్‌వీద్ మార్కులను రాత లేదా ప్రాయోగిక అంశాలకు మార్చే అధికారం ప్రధానోపాధ్యాయుడికి ఇవ్వండి. బోర్డు పరీక్షలో వాళ్లకు రావలసిన లేఖకుడు, అదనపు సమయం వంటి సౌకర్యాల దరఖాస్తు బడే ముందుగా పంపాలి.

సనదు మీద 'ఇది ఫలానా డిగ్రీతో సమానం' అని రాయకండి. హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కొన్ని మదరసాల కోర్సులను ప్రవేశాలకు గుర్తిస్తుంది, మదరసా విద్యార్థులకు బ్రిడ్జి కోర్సులు కూడా నడుపుతుంది. ఆ జాబితాలో మీ సంస్థ పేరు ఉంటేనే ఆ మాట చెప్పాలి.

పేర్లు: ఒక్క అక్షరం తేడాతో వచ్చే కష్టం

మన పిల్లల విషయంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. ఒకే పిల్లవాడు ఆధార్‌లో 'షేక్ మహమ్మద్ ఆరిఫ్', బడి రిజిస్టరులో 'ఎస్‌కే. ఎండీ. ఆరిఫ్', జనన ధ్రువపత్రంలో 'మొహమ్మద్ ఆరిఫ్ షేక్' అని ఉండడం సాధారణం. తండ్రి పేరూ అలాగే ఉంటుంది. పదో తరగతి మెమో మీద పడిన పేరు, పుట్టిన తేదీ తరువాత పాస్‌పోర్టుకూ, ఉద్యోగానికీ, గల్ఫ్ వీసాకూ ఆధారం అవుతాయి. దిద్దించుకోవడానికి దరఖాస్తులు, ధ్రువీకరణలు, డీఈవో కార్యాలయం చుట్టూ తిరగడం, నెలల కాలం పడుతుంది.

ఆరో తరగతిలోనే ప్రతి విద్యార్థికీ ఒక కాగితం తయారు చేసి, జనన ధ్రువపత్రం, ఆధార్, అడ్మిషన్ రిజిస్టరు, 12 అంకెల అపార్ (విద్యార్థి గుర్తింపు సంఖ్య) రికార్డులలో పేరు ఇంగ్లిషు అక్షరాల్లో ఎలా ఉందో పక్కపక్కన రాయండి. తేడా ఉంటే ఏది దిద్దాలో తల్లిదండ్రులతో నిర్ణయించి, తొమ్మిదో తరగతి ముగిసేలోగా పూర్తి చేయించండి. 'షేక్', 'మొహమ్మద్' మాటలను పొడి అక్షరాలుగా కుదించవద్దు. ఆడపిల్లల పేరు చివర బేగం, బీ, సుల్తానా వంటివి ఉంటే అన్ని చోట్లా ఉండాలి, లేకపోతే అన్ని చోట్లా తీసేయాలి. పదో తరగతి నామినల్ రోల్ ఆన్‌లైన్‌లో పంపే ముందు దాని ప్రతి తీసి, తల్లి గానీ తండ్రి గానీ అక్షరం అక్షరం చూసి సంతకం చేయాలి. చదవడం రాని తల్లిదండ్రులకు ఒక ఉపాధ్యాయుడు ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని చదివి వినిపించాలి.

రాష్ట్రంలో అర్హత ఉన్న ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. రెవెన్యూ ధ్రువపత్రంలోని పేరు మెమోతో సరిపోలకపోతే కౌన్సెలింగ్ రోజున సీటు దగ్గర సమస్య వస్తుంది. ఆ ధ్రువపత్రం కూడా పదో తరగతి మొదట్లోనే తీయించమని చెప్పండి.

ఓపెన్ స్కూలు దారిలో వెళ్లే పిల్లలకు

మదరసా పిల్లలకు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, మంచి మార్గం. పదో తరగతికి కనీసం 14 ఏళ్లు నిండాలి. అయిదు సబ్జెక్టులు, వాటిలో కనీసం ఒకటి భాష. 33 శాతం వస్తే ఉత్తీర్ణత. ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరు నెలల్లో ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి. నమోదు అయిదేళ్లు చెల్లుతుంది, ఆ లోపు తొమ్మిది అవకాశాలుంటాయి. ఉర్దూ, అరబీ రెండూ సబ్జెక్టులుగా ఉన్నాయి కాబట్టి మదరసాలో నేర్చుకున్నది నేరుగా లెక్కకు వస్తుంది. కానీ సులువని భాషలూ గృహవిజ్ఞానమూ మాత్రమే ఎంపిక చేయించడం పిల్లవాడి భవిష్యత్తును ముందే కుదించడమే. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ వైపు గానీ, పదో తరగతి తరువాత పాలిటెక్నిక్ వైపు గానీ ఆలోచన ఉండే అవకాశం ఏ మాత్రం ఉన్నా లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు తప్పనిసరి చేయండి. రాష్ట్ర ఓపెన్ స్కూలు సొసైటీ కూడా ఉంది. అక్కడ ఉత్తీర్ణతకు 35 మార్కులు కావాలి.

రెగ్యులర్ బడిలో చదవగలిగే పిల్లవాడిని, హిఫ్జ్‌కు సమయం దొరుకుతుందని మాత్రమే ఓపెన్ స్కూలుకు మార్చే ముందు తల్లిదండ్రులకు అన్ని పర్యవసానాలూ చెప్పాలి. ఎచ్చెర్ల మండలంలోని ట్రిపుల్ ఐటీ వంటి చోట ప్రవేశం పదో తరగతి మార్కుల మీద ఆధారపడుతుంది, మొదటి ప్రయత్నంలోనే ఉత్తీర్ణులై ఉండాలనే నిబంధన కూడా ఉంది. విడతలవారీగా సబ్జెక్టులు పూర్తి చేసిన విద్యార్థికి అలాంటి తలుపులు మూసుకుంటాయి.

ఫిర్యాదులు, మార్పులు

పరీక్షా ఫలితం మీద అభ్యంతరం ఉంటే ఎవరికి, ఎన్ని రోజుల్లో చెప్పుకోవాలో రాయండి. దీనీ పరీక్షకు రెండోసారి మరో పరీక్షకుడి దగ్గర హాజరయ్యే అవకాశం ఒకసారి ఇవ్వాలి. ఫిర్యాదు వినే ముగ్గురిలో ఒకరు తల్లిదండ్రుల తరఫున, ఒకరు బోర్డు సబ్జెక్టుల ఉపాధ్యాయుల తరఫున ఉండాలి. ఆడపిల్లలకు సంబంధించిన విషయమైతే ఒక మహిళ తప్పనిసరి. ఫీజు బకాయి ఉన్నప్పుడు ఏం చేస్తారో కూడా ఇక్కడే రాయాలి. బకాయిని వాయిదాల్లో వసూలు చేసుకునే మార్గాలు వెతకండి, జకాత్ నిధికి అర్హత ఉన్న కుటుంబమైతే ఆ ఏర్పాటు చూడండి. పిల్లవాడి టీసీని తాకట్టుగా పెట్టుకోవడం ఇస్లామీ పేరు పెట్టుకున్న సంస్థకు తగదు.

నియమాలు ఏ విద్యా సంవత్సరం నుంచి అమలవుతాయో ప్రతి పేజీ అడుగున అచ్చు వేయించండి. సనదు అర్హతల్లో మార్పు చేస్తే అది ఆ తరువాత చేరే పిల్లలకే వర్తించాలి. ఇప్పటికే చదువుతున్న వారికి వాళ్లు చేరిన నాటి అర్హతలే కొనసాగాలి. బోర్డు తన పరీక్షా పద్ధతి మార్చినప్పుడు మాత్రం అందరికీ ఒకేసారి వర్తిస్తుంది కనుక, జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఆ సంవత్సరపు మార్పులను తెలుగులో, కావలసినవారికి ఉర్దూలో, ఒక పేజీగా అచ్చు వేసి ఇళ్లకు పంపించి, అందినట్టు సంతకం తీసుకుని విద్యార్థి ఫైలులో ఉంచండి.